సైన్యము విడిచిన పిస్తోళ్ళు, మన ఇండ్లలోని పాత ఆయుధములు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



క్రిందటి సమావేశము ముగిసి కాఫీలు త్రాగుచుండగా మన యువకులు ముగ్గురు మమ్ము చుట్టుముట్టి ఒక ప్రశ్న వేసినారు. అమెరికాలో సైన్యము వాడి విడిచిన పిస్తోళ్ళను సంగ్రాహకులకు బహిరంగముగా అమ్ముచున్నారట. మన దేశములోను అట్టి వసతి కలదా? ధర్మపురిలో కాకున్న బెంగుళూరులోనైన దొరకునా? వారిలో ఒకరికి ఎవరో మధ్యవర్తి ఫోనులో బొమ్మ చూపి, "ఇది పాత మిలిటరీ సరకు, కాగితముల సంగతి తరువాత చూచుకొందము" అని కూడ చెప్పినాడట. నిలుచున్న పాటున జవాబు చెప్పదగిన ప్రశ్న కాదు గనుక విచారించి చెప్పెదమంటిమి. ఆ బాకీ తీర్చుటకే నేడు మీ యెదుట నిలిచినాము.

ముందుగా ఒక మాట. పాత ఆయుధములపై మక్కువ గలవారిని మేము తప్పు పట్టుట లేదు. మనము తరతరములుగా కాపురమున్న ఈ ఊరు పూర్వము తగడూరు, అదియమానుని రాజధాని. ఆయన పక్షమున ఔవైయారు తొండైమానుని కడకు రాయబారము వెళ్ళిన కథ ఇచ్చటి బడిపిల్లలందరును ఎరుగుదురు. తొండైమానుడు తన ఆయుధశాల చూపి గర్వించెను. ఈ ఆయుధములు నేతిపూతతో, నెమలిపింఛములతో ఎంత చక్కగా నున్నవి, మా రాజువి మాత్రము మొనలు విరిగి ఎప్పుడును కమ్మరి కొలిమి దగ్గరనే పడియుండునని ఆ అవ్వ పొగడ్తవలె కనబడు ఎత్తిపొడుపు విసరినది. పింఛములు కట్టిన బల్లెమునకంటె మొన విరిగిన బల్లెమునకే కథ యున్నదని ఈనాటి సంగ్రాహకులును ఒప్పుకొందురు.

ఇక అమెరికా సంగతి. మన పిల్లలు విన్నది నిజమే. జాన్ బ్రౌనింగు అను శిల్పి రూపొందించిన 0.45 అంగుళముల పిస్తోలును ఆ దేశపు సైన్యము 1911లో స్వీకరించి, 1985లో ఇటలీవారి బెరెట్టా నమూనాను ఎన్నుకొను వరకు ప్రధానముగా వాడినది. గోదాములలో మిగిలిన ఈ పాత పిస్తోళ్ళను, ఏటికి పదివేలకు మించకుండ, పౌరులకు గుఱి అభ్యాసము నేర్పు ఒక సంస్థకు అప్పగించుటకు వారి కాంగ్రెసు శాసనముచేసి అనుమతించినది. ఆ సంస్థ 2018 సెప్టెంబరు 4 మొదలు అక్టోబరు 4 వరకు తపాలాలో దరఖాస్తులు గైకొన్నది. దరఖాస్తుదారులకు చీట్లు తీసినట్లు సంఖ్యలు కేటాయించి, ఆ వరుసలో పిలిచినారు. మనిషికి ఒక్కటే పిస్తోలు ఇచ్చినారు. స్థితినిబట్టి వెల అప్పుడు 850, 950, 1050 డాలర్లుగా ఉండెను. కొనువాని పూర్వచరిత్రను ముందు ఆ సంస్థ విచారించును. ఆ మీదట పిస్తోలు అతని ఇంటికి పోదు, లైసెన్సుగల వర్తకుని దుకాణమునకు పోవును, అచ్చట మరల విచారణ. తుపాకులు విచ్చలవిడిగా దొరకునని మనము చెప్పుకొను దేశములో, సైన్యపు పాత పిస్తోలునకు ఇన్ని గడపలు దాటవలసి యున్నది. మధ్యవర్తి మాట నమ్ము వారు ఇది గమనింతురు గాక.

ఇంగ్లాండులో పరిస్థితి ఇంకను కఠినము. 1996లో డన్‌బ్లేను పాఠశాలలో పసిపిల్లలు కాల్చబడిన ఘోరము తరువాత 1997 శాసనములు చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించినవి. సంగ్రాహకులకు మిగిలిన సందు చిన్నది: 1919కి పూర్వము తయారై, తూటాలు సులభముగా దొరకని రకములు మాత్రము, అదియును ప్రత్యేకానుమతితో ఇంట ఉంచుకొనవచ్చును.

మన దేశమునకు వత్తము. 1878లో లిట్టను ప్రభువు కాలమున వచ్చిన ఆయుధ చట్టము మనవారికి లైసెన్సు విధించి దొరలను మినహాయించినది. దాని స్థానమున 1959లో చేసిన చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలు అగుచున్నది. దీని నియమముల పట్టికలో మన ప్రశ్నకు సూటియైన జవాబు ఉన్నది. .380, .455 రిమ్ము తూటాలను గాని, సైన్యము వాడు 9 మిల్లీమీటర్ల తూటాలను గాని పేల్చగల పిస్తోళ్ళు, రివాల్వర్లు అన్నియు నిషిద్ధ వర్గము. ఇప్పుడు చూడుడు. మొదటి ప్రపంచయుద్ధపు వెబ్లీ రివాల్వరు .455. రెండవ యుద్ధములో మన జమేదార్లు, సుబేదార్లు నడుమునకు కట్టిన ఎన్‌ఫీల్డు .380. ఆ తరువాత మన సైన్యము చేపట్టిన బ్రౌనింగు పిస్తోలు 9 మిల్లీమీటర్లు. అనగా "మిలిటరీ సరకు" అని ఎవడైన నిజము చెప్పినచో, ఆ నిజమే దానిని నిషిద్ధము చేయుచున్నది! అబద్ధము చెప్పినచో అది దొంగకొలిమిలో పోసిన నకిలీ. రెంటిలో ఏది కొన్నను కొన్నవానికి చెఱసాలయే. నిషిద్ధాయుధమును కలిగియుండుటకు కేంద్రప్రభుత్వపు ప్రత్యేకానుమతి కావలెను. అది లేకున్న, 2019 సవరణ ప్రకారము ఏడేండ్లకు తక్కువగాని, పదునాలుగేండ్లవరకు పోగల శిక్ష. కాగితముల పని తరువాత చూచుకొందమన్న పెద్దమనిషి అప్పుడు ఫోను ఎత్తునా?

సైన్యములో ఒక చిన్న ద్వారము లేకపోలేదు. యుద్ధములలో చిక్కినవి మొదలగు, మన సైన్యము వాడని నమూనాల ఆయుధములను జబల్పూరు ఆయుధ భాండారమునుండి సైనికాధికారులకు వెలకు ఇచ్చు పద్ధతి యొకటి యుండెను. ఆ దారిన వచ్చినవి కొన్ని రాజస్థానమందలి శ్రీగంగానగరము ప్రాంతమున బయటివారి చేతులకు చేరినవని వ్యాజ్యము పుట్టి, సుప్రీము కోర్టువరకు పోయినది. పలువురు అధికారులు విచారణల పాలైరి. అధికారులకే అట్లయినచో మనవంటి గృహస్థుల మాట చెప్పవలెనా?

కాని ఈ ప్రశ్న వేసిన యువకులను నిరుత్సాహపరచి పంపుట మా ఉద్దేశము కాదు. పాత పిస్తోలును సంగ్రాహకుడు చూచు తీరు వేరు. అతడు గుఱి చూడడు, ముద్రలు చదువును. బాణపు మొనవంటి గుర్తు క్రింద ఇంగ్లీషు "ఐ" అక్షరమున్న అది భారత సైన్యపు సొత్తు. రెండు బాణపు మొనలు ఎదురెదురుగా తాకుచున్నట్లు కొట్టియున్న అది ప్రభుత్వము అమ్మివేసినదని గుర్తు, అనగా మనము చెప్పుకొనుచున్న మిగులు సరకునకు జన్మపత్రిక. ఇటలీవారి పిస్తోళ్ళపై ఇంగ్లీషు సంవత్సరము ప్రక్కన రోమను అంకె కూడ ఉండును. అది ముసోలినీ అధికారమునకు వచ్చిన 1922 అక్టోబరునుండి లెక్కించిన సంవత్సరము. ఇనుప ముక్కపై ఒక నియంత గర్వము అట్లు నిలిచిపోయినది.

ఈ చదువు రానివారి చేతిలో పాత ఆయుధము వట్టి తుక్కు. తంజావూరు సంగతి వినుడు. మన తెలుగు నాయకరాజులు, వారి తరువాత మరాఠా ప్రభువులు ఏలిన ఆ కోటలోని ఆయుధాగారమును 1860ల ఆరంభమున మద్రాసునకు తరలించినారు. కొన్నిటిని ఎన్నుకొని మ్యూజియములో ఉంచినారు. మిగిలినవానిని విరుగగొట్టి పాత లోహపు ధరకు అమ్మివేసినారు! భారతీయాయుధములపై 1880లో గ్రంథము ప్రకటించిన ఎగర్టను అను ఆంగ్లేయుడే దీనికి వాపోయినాడు. ఎగ్మూరు మ్యూజియమునకు వెళ్ళినప్పుడు ఆ కత్తులు, కటారుల ముందు మన పిల్లలను కొంచెము సేపు నిలుపుడు. హైదరాబాదులో సాలార్ జంగు వంశీయులు మూడు తరములు కూడబెట్టిన వస్తువులకు ఆ అదృష్టహీనత పట్టలేదు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు ప్రారంభించిన ఆ మ్యూజియములో ఆయుధముల గది ఇప్పటికిని జనులను ఆకర్షించుచున్నది.

ఇంత చెప్పి మా ఇంటి సంగతి దాచుట న్యాయము కాదు. చెప్పుటకు సిగ్గుగా నున్నను చెప్పెదము.

మా చిన్నతాత మద్రాసు శాపర్ల దళములో జమేదారు. 1941లో ఎరిత్రియాలో ఇటలీవారితో జరిగిన పోరులో ఉండినాడు. తిరిగి వచ్చునప్పుడు అరచేతి పొడవున్న ఇటలీ పిస్తోలు ఒకటి, పై అధికారి సంతకము చేసిన చీటీతో సహా తెచ్చినాడు. అప్పుడు ధర్మపురి సేలము జిల్లాలోనిది గనుక సేలము పోయి లైసెన్సు తెచ్చుకొన్నాడు. ఏటేట ఆయుధపూజనాడు దానిని పలుగు, పార, అవ్వ కత్తిపీట వీని ప్రక్కన పెట్టి కుంకుమబొట్టు పెట్టుచుండెను. దానిపై "1940, ఎక్స్ వి త్రిబుల్ ఐ" అని యుండుట చూచి, అది మా చిన్నతాత చంపిన శత్రువుల లెక్క యని మేము బడిలో గొప్పలు చెప్పితిమి. అది పదునెనిమిదవ ముసోలినీ సంవత్సరమని తెలియుటకు మాకు నలువదేండ్లు పట్టినది. ఆయన ఎవరినైన కాల్చెనో లేదో మాకు తెలియదు. వంతెనలు కట్టినాడు, మందుపాతరలు ఏరినాడు. దాని సంగతి అడిగినచో, "అది నాది కాదురా, ఎవడో తల్లి కొడుకుది" అనెడివాడు.

1974లో ఆయన పోయినాడు. లైసెన్సు ఆయనతోనే పోయినది. పిస్తోలు మాత్రము అవ్వ పెట్టెలో పట్టుచీరల క్రింద మిగిలినది. ఏమి చేయవలెనో ఇంట ఎవరికిని తెలియదు, అడుగుటకు భయము. అత్యవసర పరిస్థితి కాలమున ఎవరో బంధువు వచ్చి, ఇంట తుపాకి దొరికినచో ఇంటిల్లిపాదిని పట్టుకొని పోవుదురని చెప్పిపోయినాడు. ఆ రాత్రి మా నాయన దానిని గుడ్డలో చుట్టి మా తోట బావిలో వేసినాడు. మేము లాంతరు పట్టుకొని ప్రక్కన నిలిచితిమి. అవ్వ అటు తరువాత చాలకాలము ఆ బావినీరు ముట్టలేదు. నేడు ఆ బావి ఎండిపోయి, పూడిపోయి, దానిపై ఎవరిదో కొబ్బరిచెట్టు ఉన్నది. మాకు మిగిలినవి తోలు ఒర, లైసెన్సు పుస్తకము, రెండు పతకములు. భారత సైనికులకు ఇచ్చిన ఆ పతకములపై వారి సంఖ్యయు పేరును కొట్టి ఇచ్చినారు, ఇంగ్లీషు సైనికులకు అట్లు ఇయ్యలేదు. ఆ ఒక్క విషయమున మనవారిదే పైచేయి.

తరువాత చట్టము చదివి చూడగా మా నాయన భయము అనవసరమని తెలిసినది. ఇరువది యొకటవ సెక్షను అట్టివారికొఱకే ఉన్నది. ఆయుధము కలవాడు మరణించినచో వారసులు జాప్యము చేయక దానిని పోలీసు స్టేషనులో గాని, లైసెన్సుగల వర్తకుని వద్ద గాని ఒప్పగించి రసీదు పుచ్చుకొనవలెను. నిర్ణీత గడువు లోపల తమ పేర లైసెన్సు తెచ్చుకొన్నచో అది తిరిగి వచ్చును. అక్కఱ లేకున్న లైసెన్సుగల మరొకరికి అమ్మించుకొనవచ్చును. గడువు దాటిన ప్రభుత్వపరమగును. బావిలో వేయుమని ఏ సెక్షనును చెప్పలేదు.

ఇప్పటి నియమములలో ఒకటి రెండు మార్పులు గుర్తుంచుకొనుడు. 2019 డిసెంబరు సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితి రెండునకు తగ్గినది. తాతముత్తాతలనుండి వచ్చినవైనను ఈ రెంటిలోనే లెక్క. లైసెన్సు కాలము మూడేండ్లనుండి ఐదేండ్లకు పెరిగినది. ఇక గోడకు వ్రేలాడు పాత గొట్టముల మాట: వాడుక పోయిన నమూనాయో, పురాతన విలువ గలదియో, చెడిపోయినదియో అయి, మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగా పనికిరానిదైనచో, నలుబది యైదవ సెక్షను దానిని చట్టమునుండి మినహాయించినది. "మరమ్మతు చేసినను" అను మాట మరువకుడు. త్రుప్పు పట్టినది కదా, తాతలనాటిది కదా యని మనకు మనమే తీర్పరులము కారాదు. తెలిసినవారి పరీక్ష, వ్రాతమూలక నిర్ణయము ఉండవలెను. నూరేండ్లు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టము క్రిందికి కూడ వచ్చును. అల్లునికో కొడుకునకో విదేశములకు పంపుటకు వీలులేదు.

కనుక మా యువమిత్రులకు మా జవాబు ఇది. మిగులు పిస్తోలు కొనుటకు ఇచ్చట దారి లేదు, దానికై బెంగుళూరు బస్సు ఎక్కవలదు. సంగ్రహింపదగినది మన ఇండ్లలోనే యున్నది, అది ఏటికేడు తరిగిపోవుచున్నది. పాత లైసెన్సు పుస్తకములు, డిశ్చార్జి పత్రములు, పతకములు, ఎరిత్రియానుండియో బర్మానుండియో వచ్చిన ఉత్తరములు, ఒరలు, ఛాయాచిత్రములు, వీనికి ఏ లైసెన్సును అక్కఱలేదు. ఎవరింట ఏమున్నదో పట్టిక వ్రాయుటకు ఈ ముగ్గురు యువకులే ఒప్పుకొన్నారు. మా లైసెన్సు పుస్తకము, ఒర నేడే వారి చేతికి ఇచ్చుచున్నాము.

వచ్చు ఆదివారము ఉదయము పది గంటలకు సంఘ కార్యాలయమున వారు కూర్చుందురు. మీ కాగితములు తెండు. లైసెన్సు తీరిన ఆయుధము ఎవరింటనైన ఉన్నచో దానిని మాత్రము సంచిలో పెట్టుకొని రావలదు. ముందు వచ్చి మాతో చెప్పుడు, మేమే మీ వెంట స్టేషనునకు నడచెదము.