కౌంటీ సభలో సేవకు జరిగిన సత్కారము

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



కార్యదర్శిగారు మమ్ము సంఘసేవను గుఱించి మాటలాడుమని కోరిరి. ముప్పదియేండ్లకు పైగా బడిలో శబ్దములను, ధాతువులను వల్లెవేయించినవారము గావున, సేవ యను మాటకు వ్యుత్పత్తి చెప్పుటతో మొదలిడి వ్యుత్పత్తితోనే ముగింతుమని సభవారు భయపడుచుండవచ్చును. ఆ భయము నేటికి వలదు. మేము కన్నులార చూచిన యొక సభను గుఱించి చెప్పి, దానినిబట్టి మన సభకొక చిన్న విన్నపము చేసి కూర్చుండెదము.

మా కుమారుడు అమెరికా దేశమున వర్జీనియా రాష్ట్రమందలి ఫెయిర్‌ఫాక్సు కౌంటీలో కాపురముండుటచే, మేమును మా యింటివారును కొన్ని మాసములు అచ్చట గడపవలసివచ్చెను. ఆ దేశమున పెద్దవారికి పగటిపొద్దు గడచుట యెంత కష్టమో పోయివచ్చినవా రెఱుగుదురు. కొడుకును కోడలును కచ్చేరికి, మనుమరాలు బడికి పోయిన పిదప ఇంట మిగులునది మేమును కిటికీయును. అట్టి దినములలో ఒక మంగళవారమునాడు మా కోడలు, “మామయ్యగారూ, ఈ యుదయము కౌంటీ సభ యున్నది. మన వీథిలోని పెద్దాయన కచ్చట సన్మానము చేయుదురట. నేను సెలవు పెట్టితిని, మీరును వత్తురా?” యని యడిగెను. సన్మానమనగా మన కలవాటైన మాటయే గదా యని బయలుదేరితిమి.

కౌంటీ యనగా మన జిల్లా వంటిదని చెప్పిన సులభముగా బోధపడును గాని, అది సరిగాదు. మన జిల్లాకు కలెక్టరు పైనుండి వచ్చును. అచ్చటి కౌంటీకి పాలకులు క్రిందినుండి వత్తురు. 1634వ సంవత్సరమున వర్జీనియాను ఎనిమిది షైరులుగా విభజించిరి. ఆ షైరులే తరువాత కౌంటీ లనబడెను. ఇంగ్లండులో షైరుకు రీవు అను నధికారి యుండెడివాడు; షైరు రీవు అను రెండు మాటలు జనుల నోట నలిగి షరీఫు అయ్యెను. చెన్నపట్టణమునను షరీఫు పదవి చిరకాల ముండుటచే ఆ మాట మన పెద్దల చెవికి క్రొత్తది కాదు. (చూచితిరా, వ్యుత్పత్తి జోలికి పోనని చెప్పియు నిలువలేకపోతిమి.)

ఫెయిర్‌ఫాక్సు కౌంటీ 1742లో ప్రిన్సు విలియము కౌంటీనుండి వేఱుచేయబడినది. ఆ కాలమున ఆ ప్రాంతమంతయు, ఏబది లక్షల యెకరములకు మించిన భూమి, ఒక్క ప్రభువు సొత్తుగా నుండెను. ఆయన పేరు థామసు ఫెయిర్‌ఫాక్సు, ఆ బిరుదము దాల్చినవారిలో ఆఱవవాడు, 1781లో గతించెను. ఆయన పేరే కౌంటీకి పెట్టిరి. జార్జి వాషింగ్టను నివసించిన మౌంటు వెర్నను గృహము ఈ కౌంటీలోనిదే. మొదటి శతాబ్దమున ప్రజలు ఎన్నుకొనని న్యాయాధిపతులే కోర్టు తీర్చుచు పరిపాలనమును జరుపుచుండిరి. 1870 నుండి సూపర్వైజరుల మండలి యేర్పడినది. ఇప్పుడు తొమ్మిది విభాగములకు తొమ్మండుగురు, కౌంటీ యంతయు కలిసి ఎన్నుకొను అధ్యక్షు లొకరు, వెరసి పదిమంది; పదవీకాలము నాలుగేండ్లు. 2020వ సంవత్సరపు జనసంఖ్యలో ఆ కౌంటీ వాసులు 11,50,309 మంది. ఇంకొక వింత: ఆ పేరే గల ఫెయిర్‌ఫాక్సు నగరము కౌంటీ నడుమనే యుండియు 1961 నుండి కౌంటీలోనిది కాదు, తన యింటి పొయ్యి తానే వెలిగించుకొను తమ్మునివలె నున్నది.

సభామందిరమునకు పోయి చూడగా తలుపులు తెఱచియే యున్నవి. పాలకమండలులు బహిరంగముగా కూడవలెనని ఆ రాష్ట్రమున 1968లో చట్టము చేసిరట. పంచె, కండువా ధరించిన మమ్ము చూచి ఎవరును నీవెవడవని యడుగలేదు, ముందు వరుసకు రమ్మనియు పిలువలేదు. ఖాళీగానున్న చోట కూర్చుంటిమి. పాలకులు పదిమందియు అర్ధచంద్రాకారమున కూర్చుండిరి. వ్యవహారమున కంటె ముందు సన్మానములు జరుగును. అది వారి పద్ధతి.

మా వీథి పెద్దాయన వయస్సు మా వయస్సునకు ఒక పుష్కరము పైమాటే. ఆయన చేయు పని యిది: తాము కారు తోలుకొనలేని వృద్ధులను, రోగులను తన కారులో, తన పెట్రోలుతో వైద్యునియొద్దకు కొనిపోయి, వెలుపల కూర్చుండి, మరల యింట దింపుట. వినుట కిది చిన్న పనిగా దోచును. కాని ఇంటినుండి అంగడికైన నడచిపోజాలని ఆ దూరములు చూచినవారికి కారు తోలలేని వృద్ధుని బ్రతుకు కాలు విఱిగిన పక్షి బ్రతుకని తెలియును. ఆయన వెనుక, సాయంకాలములందు పరదేశములనుండి వచ్చినవారికి ఇంగ్లీషు చెప్పు నొక యిల్లాలిని, పొటోమాకు నదిలో కలియు వాగులనుండి చెత్త తీసిన బడిపిల్లలను, జీతము గొనక అగ్నిమాపకదళమున పనిచేయు వారిని పిలిచిరి. వారివారి పనులను చదువుటకు అయిదాఱు నిమిషములకంటె ఎక్కువ పట్టలేదు.

ఆ సన్మానపత్రపు రచన మాకు ముచ్చట గొల్పినది. మన సన్మానపత్రములలో మొదటి వాక్యమునందే సన్మానితుడు కర్ణుడు, శిబి, దధీచి యగును. ఏమి చేసెనో చివఱి వఱకు తెలియదు. వారు “ఇట్టి పని చేయుటవలనను, ఇట్టి పని చేయుటవలనను” అని ఒక్కొక్క హేతువునే వరుసగా చెప్పి, కట్టకడపట “కావున గౌరవించుచున్నాము” అందురు. తర్కశాస్త్రము చదివినవారికిది పరిచితమే. ప్రతిజ్ఞను విడిచి హేతువుతో మొదలిడి నిగమనముతో ముగించుట. విశేషణములు తక్కువ. ఎన్ని యేండ్లు, ఎందఱు, ఏ వీథి: ఇవే యందలి యలంకారములు.

పెద్దాయనను మాటలాడుమనిరి. ఆయన రెండు మాటలు చెప్పెను. “తోలుట నా పని. ఎవరికి ఏ దినమున వైద్యుడో పట్టిక వ్రాసికొని, మాకందఱకు టెలిఫోనులు చేయునది అదిగో, ఆమె” యని వెనుక వరుసను చూపెను. అచ్చట నొక వృద్ధురాలు సంచి యొడిలో పెట్టుకొని కూర్చుండియున్నది. సభ యంతయు వెనుకకు తిరిగెను. ఆమె రానని తల యూపినను, సూపర్వైజరొకరు తామే పీఠము దిగిపోయి చేయి పట్టి తోడ్కొనివచ్చి ఛాయాపటమున నిలిపిరి. పత్రముమీద ఆమె పేరు లేదు. కార్యక్రమమునందును లేదు. మాకు ఆ క్షణమున మనస్సు మన దేశమునకు పోయినది; ఎందులకో ముందు చెప్పెదము.

ఆ సభ యంతయు మెచ్చదగినదే యని మేము చెప్పబోము. ఛాయాపటములు తీయుట ముగియగానే వచ్చిన బంధుమిత్రులలో సగముకంటె నెక్కువమంది లేచిపోయిరి. తరువాత భూవినియోగపు విన్నపములకై కూర్చున్నవారు మాత్రమే మిగిలిరి. వారిలో ఒక్కొక్కరికి మూడేసి నిమిషములు, ఎదుట గడియారము. ఎన్నికలు నాలుగేండ్ల కొకసారి వచ్చును, పొగడ్తకు వ్యయము లేదు, పత్రమునకు కాగితమే గదా యని మా కుమారుడు రాత్రి భోజనమువేళ పరిహాసమాడెను. మా కోడలు ఇంకొక మాట యడిగెను: “రోగులు పోవుటకు తగినన్ని బస్సులు నడిపినచో ఈ పెద్దాయన పని యెందుకు?” ఆ ప్రశ్నకు మాకు సమాధానము తోచలేదు. ఉచితసేవను పొగడి ప్రభుత్వము తన ఋణమును దాచుకొనుట యెల్ల దేశములందును కలదు.

మఱియొకటి. 1984 నుండి ఆ మండలి సభ్యులొక్కొక్కరు ఏటేట సేవాపరులను ఇద్దరిద్దరిని ఎన్నుకొని వారిని లార్డు ఫెయిర్‌ఫాక్సు, లేడీ ఫెయిర్‌ఫాక్సు అను పేర్లతో గౌరవించుట ఆచారముగా పెట్టుకొనిరి. కారు తోలు ముసలివానికి ఏబది లక్షల యెకరముల ప్రభువు పేరు! ఆ ప్రభువు బానిసలను కలిగియుండినవాడు. ఆ కౌంటీలోనే 1960 వఱకు తెల్లవారి బడులలో ఒక్క నల్ల బాలునకైన ప్రవేశము లేకుండెను. కావున వారు పుట్టుకతోనే సమదృష్టి గలవారని, మనము కామని మేము చెప్పుటలేదు. నేర్చుకొనిరి, అదియు మన కన్నులయెదుటి కాలముననే నేర్చుకొనిరి.

ఇక మన సంగతి. మన జిల్లాలలో గణతంత్రదినమున కవాతు మైదానమునందు కలెక్టరుగారు ప్రశంసాపత్రము లిచ్చుట మీరెఱుగుదురు. అవి యెక్కువగా జీతము గొను నుద్యోగులకే. జీతము గొననివానిని వెదకి పిలుచు పద్ధతి అరుదు. ఆ పని సంఘములకు, సత్రములకు, మనవంటి సభలకు వదలబడినది. మనము దాని నెట్లు చేయుచున్నాము?

కడప మండలమున పోరుమామిళ్ళ చెరువు కడ నొక శాసనము కలదు. బుక్కరాయని కుమారుడు భాస్కరుడు, భవదూరు డనియు పేరు, 1369లో వేయించినది. చాలవఱకు సంస్కృతము, మేము శిష్యులకు బోధించుటకై శ్రద్ధతో చదివినది. మంచి చెరువునకు పండ్రెండు అంగములు, ఆఱు దోషములు అందు చెప్పబడినవి. మన యింజనీర్లు నేటికిని చదువదగినవి. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల పని యనియు వ్రాసినారు. రాజపుత్రుని పేరు, ఆయన వంశము అందు కలవు. ఆ వేయిమంది కూలీలలో ఒక్కని పేరును లేదు. సంఖ్య వ్రాయుటయే ఆ కాలమునకు ఘనత యని మేము పిల్లలకు చెప్పుచుండెడివారము. వాపీకూపతటాకములు పూర్తకర్మ యని ధర్మశాస్త్రములు చెప్పినవి. తట్ట మోసినవానికి అందు పాలెంతయో మాకు గుర్తున్నంతవఱకు ఎవరును లెక్కగట్టలేదు.

శాసనకర్తను తప్పుపట్టుట తేలిక. మా తప్పు చెప్పెదము. చాల యేండ్ల క్రిందట, మేమింకను ఉద్యోగమున నుండగా, ఒక విద్యార్థివసతి గృహమునకు వార్షికోత్సవము జరిగినది. దాతలకు పూలమాలలు, శాలువలు. ఎవరెంత యిచ్చిరో దానినిబట్టి పిలుపు. పెద్ద మొత్తము ముందు, చిన్న మొత్తము వెనుక. అందొక వంటమనిషి యుండెడిది. ఇరువదియేండ్లకు పైగా ఆ పిల్లలకు వండి పెట్టినది. ఆమెకు జీతమను పేర నిచ్చునది ఆమె చేతి చెంబు ఖరీదునకును చాలదు. పలుమాఱులు అదియు నిలిచిపోయెడిది. జ్వరము వచ్చిన పిల్లవానికి రాత్రి జావ కాచి పోసినది, పరీక్షల దినములలో తెల్లవాఱుజామున లేపినది ఆమెయే. ఆమె మన కులమున పుట్టినది కాదు. ఆనాడు దాతల భోజనమునకై వంటయింట నుండెను. చప్పట్లు విని చేయి తుడుచుకొనుచు తలుపు కడకు వచ్చి నిలిచి చూచి, అన్నము మాడునని మరల లోపలికి పోయెను. మేము వేదికపై నుండి చూచితిమి. ఎవరో మఱచిరని చెప్పుటకు వీలులేదు. పిలువవలసినవారి పట్టిక వ్రాసినది మేమే. ఆమె పేరు మా మనస్సునకు తట్టకపోలేదు, తట్టినది. ఏ వరుసలో వ్రాయవలెనో తెలియక విడిచితిమి. మొత్తమునుబట్టి వరుస యేర్పఱచినప్పుడు ఆమె మొత్తమేమి? మరుసటి సంవత్సరము వ్రాయుదమనుకొంటిమి. మరుసటి ఉత్సవమునకు ఆమె లేదు.

ఫెయిర్‌ఫాక్సు సభలో వెనుక వరుసనుండి ఆ వృద్ధురాలు నడచివచ్చినప్పుడు మాకు జ్ఞప్తికి వచ్చినది ఆ తలుపు.

సభవారు చప్పట్లు కొట్టవలదు. మా కోరిక ఇంకను చెప్పలేదు. ఈ మహాసభ కార్యక్రమమున దాతల సత్కారమునకు ఒక పూట కేటాయింపబడినది. అది ఉండవలసినదే. దాతలు లేక వసతిగృహము లేదు, ఈ సంచికయు అచ్చుపడదు. మేమును వారి యన్నము తినిన పిల్లలకు పాఠము చెప్పి బ్రతికినవారమే. దానికి ముందుగా ఒక్క పది నిమిషములు కావలెను. ప్రతి సంవత్సరము ముగ్గురు. ధనమిచ్చినవారు కాక, పని చేసినవారు. ఏమి చేసిరి, ఎన్ని యేండ్లు, ఎచ్చట, ఎవరికి: ఇంతే చదువవలెను, కర్ణుని, దధీచిని విశ్రాంతి తీసికొననిత్తము. వారి పేర్లు ఈ సంచికలో దాతల పేర్లకు ముందు పుటలో పడవలెను. ఎవరు చెప్పినను పేరు తీసికొనవలెను. విద్యార్థులు చెప్పినను, వంటవారు చెప్పినను. కులము అడుగరాదు.

ఈ కడపటి మాటకు మనలో కొందఱు ఒప్పుకొనరని యెఱుగుదుము. నిన్న రాత్రి విడిదిలో ఒక మిత్రులు, “మన సంఘము సొమ్ము, మన సంఘము సభ, ఇతరులను గౌరవించుటకు వారి వారి సభలు లేవా?” యనిరి. వారు చెప్పినది అన్యాయముగా దోచదు. కాని ఆ వంటమనిషి వండిన అన్నము తినినవారు ఈ పందిట ముందు వరుసలలోనే కొందఱు కూర్చుండియున్నారు. వారిలో నిద్దఱు ఈ సంవత్సరము దాతలు. ఆమెకు వేఱొక సభ ఎక్కడిది? ఆమె పని చేసినది మన సభలోనే గదా.

అధ్యక్షులవారు దీనిని తీర్మానముగా ప్రవేశపెట్టుటకు అనుమతింపవలెనని ప్రార్థించుచున్నాము. ఓట్లు తక్కువ వచ్చిన మేము నొచ్చుకొనము. వచ్చే యేడు మరల తెత్తుము, మా వయస్సు అనుమతించినంతవఱకు. ఈ సంవత్సరమునకు మేము రెండు పేర్లు వ్రాసి తెచ్చితిమి. ఒకరు మనవారు, ఒకరు కారు. ఎవరు ఎవరో కాగితముపై వ్రాయలేదు. మూడవ పేరునకు స్థలము విడిచితిమి; మీలో ఎవరైన నింపవచ్చును. కార్యదర్శిగారూ, ఇదిగో, తీసికొనుడు.