టీడీఎస్ పెన్ను పాడైతే మూలకు వేయొద్దు
(కిష్టారెడ్డిపేట రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మేము మాట్లాడేది గిట్టుబాటు ధర గురించి కాదు, భూముల రేట్ల గురించి అంతకన్నా కాదు. మీ బోరు స్టార్టర్ డబ్బా మీద దుమ్ము పట్టి పడి ఉన్న టీడీఎస్ పెన్ను గురించి. రెండు మూడు వందల రూపాయల వస్తువు. కొన్న కొత్తలో తాగే నీళ్లలో, బర్రెల తొట్టిలో, ఆఖరికి చాయ్‌లో కూడా ముంచి చూశాం. ఆరు నెలలకు అంకెలు సగం సగం కనిపిస్తాయి, లేకుంటే అసలు వెలగదు. చైనా మాల్ అంతే అని మూలకు వేస్తాం. వేయొద్దని చెప్పడానికే వచ్చాం.

ఇంత చిన్న వస్తువుకు ఒక ఉపన్యాసమా అని అనుకోవచ్చు. మన ప్రాంతం సంగతి మీకు కొత్త కాదు. పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం చుట్టూ ఫ్యాక్టరీలు లేచాక ఇసుకవాగు, నక్కవాగు ఏమయ్యాయో, ఆ నీళ్లు చివరికి మంజీరలో ఎట్లా కలిశాయో మన ముందు తరం కళ్లారా చూసింది. 1990లో ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. అక్కడి నుంచి హైదరాబాద్ హైకోర్టుకు, హైకోర్టు నుంచి చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు పోయి, 2017లో తీర్పు వచ్చింది. అంటే ఇరవై ఏడేళ్లు. పటాన్‌చెరులో వైద్యం చేస్తూనే ఈ పోరాటం నడిపిన డాక్టర్ కిషన్‌రావు గారిని ఇక్కడున్న పెద్దవాళ్లు ఎరుగుదురు. అన్నేళ్లలో మనం చెప్పింది ఒకటే మాట: నీళ్లు తాకితే కాళ్లు మండుతున్నాయి, నారు ఎర్రబడుతోంది. అది ఫైలులోకి ఎక్కదు. ఫైలులోకి ఎక్కేది అంకె, తారీఖు, టైము.

నిరుడు వాగు పక్క పొలాల వాళ్లం రీడింగులు రాసిన నోటుబుక్కు పట్టుకుని ఒక ఆఫీసుకు పోయాం. అక్కడి సారు పెన్నును వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఈ బొమ్మ కరెక్టుగా చూపిస్తుందని గ్యారంటీ ఏంది?" అన్నాడు. ఎగతాళిగానే అన్నాడు గానీ అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. మేము సంచిలోంచి ఉప్పునీళ్ల సీసా తీసి ఆయన బల్ల మీదే గ్లాసులో పోసి పెన్ను ముంచాం. 1000 చూపించాలి, 990 చూపించింది. తర్వాత ఆయన బొమ్మ అనలేదు. నమూనా తీయడానికి మనిషిని పంపారు. ఫలితం కాగితం మాత్రం ఇంకా రాలేదు, అది వేరే పంచాయితీ.

ముందు బాగు చేసుకునే సంగతి చూద్దాం. వెలగని పెన్నుల్లో ఎక్కువ భాగం చచ్చిపోయినవి కావు. మూత తీస్తే లోపల రెండు బొత్తాం సెల్లులు ఉంటాయి, వాచీల దుకాణంలో ఎల్ఆర్ 44 అంటే ఇస్తారు. సెల్లు కారి ఉంటే రేకుకు, స్ప్రింగుకు తెల్లని పొక్కో పచ్చని చిలుమో పడుతుంది. కొత్త సెల్లు వేసినా ఆ చిలుము మీదుగా కరెంటు పోదు. పాత పళ్ల బ్రష్షుకు రెండు చుక్కల నిమ్మరసమో వెనిగరో అద్ది రుద్దండి, తర్వాత మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో తుడవండి, బాగా ఆరనివ్వండి. సెల్లు వేసేటప్పుడు కూడిక గుర్తు ఎటు ఉందో చూడండి. తీసిన పాత సెల్లులు పిల్లల చేతికి అందనివ్వకండి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

అంకెలు సగం సగం కనిపిస్తే తెర పాడైందని కాదు. వెనక ఉండే చిన్న స్క్రూలు విప్పితే తెరకూ బోర్డుకూ మధ్య సన్నని రబ్బరు పట్టీ ఉంటుంది. సెల్‌ఫోన్ రిపేరు పిల్లలు దాన్ని జీబ్రా స్ట్రిప్పు అంటారు. తెరకు అంకెల కరెంటు పోయేది దాంట్లోంచే. చెమ్మ, దుమ్ము పట్టి అది అంటుకోవడం మానేస్తుంది. దూదికి స్పిరిట్ అద్ది పట్టీని, అది ఆనే చోట బోర్డును తుడిచి, మళ్లీ అదే చోట కూర్చోబెట్టి స్క్రూలు సమంగా బిగించండి. పెన్ను మొత్తం నీళ్లలో పడితే వెంటనే సెల్లులు తీసి, విప్పి, నీడలో ఒక రోజు ఆరబెట్టండి. ఎండలో పెడితే తెర నల్లబడుతుంది.

వెలుగుతుంది గానీ ఒక్కో మాటు ఒక్కో అంకె చూపిస్తుందంటే కింద ఉన్న రెండు మొనలు చూడండి. ఆ మొనల మధ్య చిన్న కరెంటు పంపి, అది ఎంత సులువుగా పోతుందో చూసి లెక్క కడుతుంది పెన్ను. అది ఉప్పును తూచదు. మన బోరు నీళ్ల సున్నం మొనలకు పట్టిందంటే కరెంటు పోదు, రీడింగు తగ్గుతుంది. వెనిగర్‌లో పావుగంట నానబెట్టి డిస్టిల్డ్ నీళ్లతో కడగండి. బ్లేడుతో గీకడం, ఎమరీ కాగితంతో రుద్దడం చేయొద్దు, మొనల పైపూత పోతుంది.

ఇక ఆ ఉప్పునీళ్ల సీసా. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్లు ఒక లీటరు కొనండి. పెన్ను ముంచితే సున్నా దగ్గర్లో చూపించాలి, లేదంటే ఆ నీళ్లు కల్తీ. పెంకు మీద వేడి చేసి ఆరబెట్టిన మెత్తటి ఉప్పు ఒక గ్రాము కంసాలి కాటా మీద తూయించి అందులో కలపండి. చాలా పెన్నులు దీన్ని 1000కి అటూ ఇటూగా చూపించాలి. కొన్ని రకాలు 1400 దాకా చూపిస్తాయి. అవి చెడిపోయినవి కావు, వాటి లోపలి గుణకారం వేరు, కాబట్టి నోటుబుక్కులో ఏ పెన్నో రాయండి. తేడా ఎక్కువుంటే, వెనక చిన్న స్క్రూ ఉన్న రకాల్లో కొంచెం కొంచెంగా తిప్పి సరిచేసుకోవచ్చు. సీసా మూత గట్టిగా పెట్టండి, నీళ్లు ఆవిరైతే ఉప్పు చిక్కబడుతుంది. వాగు దగ్గరికి పోయే ప్రతిసారీ ముందు సీసాలో, తర్వాత వాగులో. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి.

ఇంకొకటి. రీడింగు పెద్దదైతే తెర మీద చిన్న అక్షరాల్లో ×10 అని పడుతుంది. 214 కనిపించి పక్కన అది ఉంటే మీ నీళ్లు 2140. మంచి నీళ్లనుకుని మడికి పెట్టిన వాళ్లున్నారు.

ఏ అంకెకు ఏమనుకోవాలి? ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ లెక్కలో 450 లోపు సాగుకు ఇబ్బంది లేదు, 450 నుంచి 2000 దాకా జాగ్రత్త అవసరం, ఆపైన కష్టం. వరికి ఈసీ లెక్క చూడాలి. సాగునీటి ఈసీ 2000 మైక్రోసీమెన్స్ దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది, 2600 దగ్గర పదో వంతు, 4800 దగ్గర సగం పోతుందని అదే సంస్థ పట్టిక. మన మామూలు పెన్నుల్లో ఈసీ అంకెలో సగం టీడీఎస్‌గా పడుతుంది, ఉప్పునీళ్లకు 1400 చూపించే రకంలో ఏడు పాళ్లు.

అయితే పెన్ను ఏం చెప్పదో కూడా తెలియాలి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు మన పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. ఆ మందు వేసుకున్న రోగి నెత్తురులో ఉండే దానికన్నా ఎక్కువ. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ 31 మిల్లీగ్రాములు మొత్తం లెక్కకు వచ్చినా మన పెన్ను మీద 31 అంకెలే పెరుగుతాయి, వేలల్లో ఉన్న రీడింగులో అది కనిపించదు. ద్రావకాలు, పురుగుమందులు కూడా అంతే. కాబట్టి తక్కువ అంకె వచ్చింది గనక నీళ్లు మంచివని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది కంపెనీ మనిషి అన్నా, మన మనిషి అన్నా.

మరి పెన్నుతో లాభం? నిన్న 900 ఉన్న వాగు ఇవాళ తెల్లారేసరికి 3000 ఉంటే రాత్రి ఏదో జరిగింది. తొలకరి వాన పడ్డ రాత్రి తూముల దగ్గర ఏం కలుస్తుందో మనకు తెలుసు. ఎప్పుడు ఫోన్ చేయాలో, నమూనా ఎక్కడ తీయించాలో పెన్ను చెబుతుంది. కోర్టుకు పనికొచ్చే నమూనా మనం తీసేది కాదు. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం మండలి అధికారి కంపెనీకి నోటీసు ఇచ్చి, కంపెనీ మనిషి ముందు నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి సంతకాలు పెట్టించాలి. ఆ అధికారి తెల్లారి పదింటికి వస్తే వాగు కడుక్కుపోయి ఉంటుంది. అందుకే రాత్రి రెండింటికి మన చేతిలో పనిచేసే పెన్ను ఉండాలి.

వచ్చే ఆదివారం పొద్దున పాడైన పెన్నులన్నీ పట్టుకుని రండి. సన్న స్క్రూడ్రైవర్లు, స్పిరిట్, సెల్లులు మేము తెస్తాం. నిమ్మకాయలు, పాత బ్రష్షులు మీ ఇళ్లలోవి తెచ్చుకోండి. కంసాలి కాటా మాట్లాడి పెట్టాం. వాగుకు ఎగువన ఒకరు, చెరువు తూము దగ్గర ఒకరు, బోర్ల దగ్గర ఇద్దరు రాయాలి. రాత్రి పూట ఎవరు పోతారో పేర్లు ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాం.