ఆటలు – ప్రమాద బీమా
సంక్రాంతి కబడ్డి పందెములలో మా యూరి పడుచువాని కాలు విరిగెను. వైద్యమునకై తండ్రి పాడియావు నమ్ముకొనెను. చందాలు దండినవారిలో నేనొకడను. పందిరికి లెక్క వేసితిమి గాని దీనిని తలపమైతిమి.

2015లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కలదు. పొదుపు ఖాతా గల 18 మొదలు 70 ఏండ్లవారు చేరవచ్చును. ఏటికి 20 రూపాయలు. 2022 జూనుకు ముందు 12 మాత్రమే. ప్రమాదమున ప్రాణము పోయినచో 2 లక్షలు, ఒక కన్నో, కాలో, చేయో పూర్తిగా పోయినచో లక్ష వచ్చును. విరిగిన యెముకకు, ఆసుపత్రి ఖర్చునకు మాత్రము దమ్మిడీ రాదు. కావున నిది యుండినను ఆ యావు దక్కెడిది కాదు.

జట్టంతకు వైద్యఖర్చు నిచ్చు సామూహిక ప్రమాదబీమాను వేరుగా విచారింపవలెను. ఆటలో తగిలిన దెబ్బలు చెల్లునా యని పత్రము చదివించుకొనుడు. పందిరి సొమ్ములో కొంత దీనికి తీయుదమంటిని, మావారింకను ఒప్పుకొనలేదు.