పెట్టె దిగిన రోజే సగం పని
(అనకాపల్లిలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పయ్యేళ్ళకు పైగా స్టోర్సులో పనిచేసినవాణ్ణి. సరుకు దించుకోవడం, భద్రపరచడం, అడిగినవారికి అప్పగించడం తప్ప ఉపన్యాసాలు నాకు అలవాటు లేదు. అయినా కార్యదర్శిగారు నిలబెట్టారు గనుక తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈమధ్య మన సభ్యులు పలువురు నీళ్ళు కాచే హీట్ పంపు గురించి అడుగుతున్నారు. కీళ్ళనొప్పులవారికి రెండు పూటలా వేడినీళ్ళు కావాలి, కరెంటు బిల్లు చూస్తే భయం. పిల్లలు అమెరికా నుంచో బెంగుళూరు నుంచో ఆర్డరు పెట్టేస్తారు. లారీ గుమ్మం ముందు ఆగేసరికి ఇంట్లో ఉండేది మనం ఇద్దరం ముసలివాళ్ళమే. ఆ అరగంటలో ఏం చేయాలి? బిగించేవాడు వచ్చేదాకా దాన్ని ఎలా ఉంచాలి? నేటి నా విషయం ఇదే.

ముందు యంత్రం సంగతి. గీజరు కరెంటుతో వేడి పుట్టిస్తుంది. హీట్ పంపు వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని తోడి నీటిలోకి ఎక్కిస్తుంది. అందుకే మనలాంటి వెచ్చని ఊళ్ళలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి దక్కుతుంది. ఈ ఆలోచన 1852లో లార్డ్ కెల్విన్ చెప్పినది. 1856 ప్రాంతంలో ఆస్ట్రియాలో పీటర్ రిట్టింగర్ ఉప్పు తయారీలో దీన్ని ఆచరణలో పెట్టాడు. మన ఇళ్ళలోని ఫ్రిజ్, ఎ.సి. కూడా ఈ కుటుంబంలోనివే. కాబట్టి నేను చెప్పేది వాటికీ చాలావరకు వర్తిస్తుంది.

మొదటిది, దించుకోవడం. డ్రైవరు తొందరపెడతాడు. పెట్టడం అతని పని, చూడడం మన పని. పెట్టె మూలలు నలిగాయా, తడిసిందా, పైకి చూపే బాణం గుర్తు పైకే ఉందా చూడండి. కొన్ని పెట్టెల మీద వంగితే ఎర్రబడే గుర్తు అంటిస్తారు, అదీ చూడండి. బిల్లులోని మోడలు నంబరు, పెట్టె మీది నంబరు ఒకటేనా సరిచూడండి. తేడా ఉంటే లారీ రసీదు మీదనే రాసి సంతకం పెట్టండి.

నా సర్వీసులో ఒకసారి వానలో వచ్చిన యంత్రం పెట్టె మూల నలిగి ఉంది. డ్రైవరు గొణుగుతున్నా, "మూల నలిగినది, లోపల చూడకుండా తీసుకున్నాము" అని రసీదు మీద రాశాను. రెండు వారాల తర్వాత విప్పితే కంప్రెసర్ దిమ్మ విరిగి ఉంది. ఆ ఒక్క వాక్యం వల్లనే కొత్తది వచ్చింది. మనలోనే ఒక మిత్రుడు, పేరు వద్దు, "మంచి స్థితిలో ముట్టినది" అన్న కాగితం మీద చూడకుండా సంతకం చేశాడు. కాయిలు వంగి ఉందని తర్వాత తెలిసింది. అమ్మినవాడు ఆ సంతకమే చూపించాడు. గ్రాట్యుటీ డబ్బులో కొంత అలా పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభమేమిటి?

రెండోది, భద్రపరచడం. మన ఊరివాళ్ళకు ఇది వివరించనక్కరలేదు. బెల్లం దిమ్మ చెమ్మనేల మీద పెడితే ఏమవుతుందో మార్కెట్టు యార్డులో ఏ కళాసీని అడిగినా చెప్తాడు. ఇప్పటి కంప్రెసర్లలో చాలావాటి నూనె కూడా బెల్లంలాగే గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. చెమ్మ లోపలికి పోతే కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది. అందుకని రాగి గొట్టాల మూతలు ఎవరూ, ముఖ్యంగా మనవలు, విప్పకూడదు. పెట్టెను నిలువుగానే ఉంచాలి, చెక్కదిమ్మెల మీద జానెడెత్తున. దాని మీద మరో బరువు వద్దు. టార్పాలిన్ కప్పితే గాలి ఆడేలా కప్పాలి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, వాటి సంగతి చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను మనమెవరం మరువలేదు. శారదానది పొంగే కాలంలో నేలమీద పెట్టిన సరుకు మనది కాదనుకోవాలి.

ఇంకొక ముఖ్యమైన మాట. ఇప్పుడు వస్తున్న ఆర్-32, ఆర్-290 అనే గ్యాసులు నిప్పు అంటుకునే స్వభావం గలవి. మొదటిది కొద్దిగా, రెండోది బాగా. ఇవి గాలికంటె బరువు, కాబట్టి కింద పేరుకుంటాయి. పెట్టెను వంటపొయ్యి పక్కనగాని, దీపారాధన గదిలోగాని, గాలి ఆడని చీకటికొట్టులోగాని ఉంచవద్దు. ఎండలో కూడా వదిలేయవద్దు.

మూడోది, బిగింపుకు సిద్ధం చేయడం. చోటు ముందే నిర్ణయించండి. 200 లీటర్ల ట్యాంకులో నీళ్ళే 200 కిలోలు, ట్యాంకు బరువు వేరే. మేడమీద పెట్టేవారు శ్లాబు మోయగలదా అని ఇంజనీరును అడగాలి. చుట్టూ గాలి ఆడాలి. చల్లగాలి వదలే యంత్రం గనుక పడకగది కిటికీ ఎదుట వద్దు. కారే నీటికి దారి, వేరే కరెంటు లైను, మంచి ఎర్తింగు, షాకు కొడితే తెగిపడే బ్రేకరు ఉండాలి. సముద్రపు గాలి తగిలే పూడిమడక వైపువారు తుప్పు పట్టని పూత గల కాయిలే అడగాలి. దారిలో పడుకోబెట్టి తెచ్చారని తెలిస్తే, నిలబెట్టి ఒక రోజు ఆగి గాని స్విచ్చి వేయవద్దు. ట్యాంకు నిండకుండా అసలే వేయవద్దు.

గొట్టాలు కలిపే రకమైతే, మేస్త్రీ నత్రజనితో లీకు పరీక్ష చేసి, వాక్యూమ్ పంపుతో గాలిని తీసేశాడా అని దగ్గర నిలబడి చూడండి. కొంచెం గ్యాసు వదిలి "అయిపోయిందండి" అంటే ఒప్పుకోవద్దు. సేఫ్టీ వాల్వు గొట్టానికి బిరడా వేయనివ్వవద్దు.

ఇంత చేసినా తేడా వస్తే నిరాశ వద్దు. బిల్లు, లారీ రసీదు, పెట్టె విప్పేటప్పుడు తీసిన ఫోటోలు భద్రపరచండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. 1915కు ఫోను చేసినా సలహా చెబుతారు.

సోదరులారా! సర్వీసులో సర్కారు సొమ్మును కంటికి రెప్పలా చూసిన మనం, సొంత సొమ్ము దగ్గర మొహమాటపడుతున్నాం. డ్రైవరును ఒక పది నిమిషాలు నిలబెట్టడం మర్యాద తక్కువేమీ కాదు. ఎవరింటికైనా పెట్టె వస్తోందంటే నాకు కబురు చేయండి. బరువు ఎత్తలేను గాని, పక్కన నిలబడి చూసిపెట్టగలను.