ఒకే నీరు, ఒకే బల్ల

బోధకులు, చరిత్రకారులు, సంఘ పెద్దలు కలిసి కూర్చున్న ఈ సభకు నేను అధ్యక్షుణ్ణి.

బాప్తిస్మం, ప్రభు రాత్రి భోజనం గురించి మాట్లాడుకోవడానికి విశాఖ తగిన చోటు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ 1805లో ఈ ఊరు చేరారు. ఆనందరాయర్ అనే ఆయన తోడ్పాటుతో ఇక్కడ వాళ్లు మొదలుపెట్టిన తెలుగు బైబిలు అనువాదం నుంచి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఇవాళ రేవు పక్కన రాస్ కొండ మీది మరియమాత గుడిలో దివ్యబలిపూజ జరుగుతుంది. కథోలికులు, సిఎస్ఐ వాళ్లు, లూథరన్లు పసిబిడ్డ తలమీద నీళ్లు పోసి సంఘంలో చేర్చుకుంటారు. బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు విశ్వసించినవాణ్ణే, అదీ నిండా ముంచి చేర్చుకుంటారు. బ్రదరన్ సహవాసాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. మరికొన్ని సంఘాల్లో నెలకొకసారే ప్రభు బల్ల.

ఈ తేడాలు చిన్నవని నేననను. మనిషికి ఊహ తెలియకముందే దేవుని కృప అతణ్ణి చేరుతుందన్నది ఒకరి విశ్వాసం. నమ్మకాన్ని ఎవరి నోటితో వాళ్లే ఒప్పుకోవాలన్నది ఇంకొకరి విశ్వాసం. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సిఎస్ఐ) రెండు పద్ధతులకూ చోటిచ్చింది. ఒకరి బాప్తిస్మాన్ని ఒకరు గుర్తించండని 1982లో లీమాలో రూపొందిన పత్రం ప్రపంచ సంఘాలను కోరింది. అయితే తెలుగు నేల ఈ సంస్కారాలను ఇంకో ప్రశ్న అడిగింది: ఎవరితో కలిసి నీళ్లలో దిగుతావు? ఎవరి పక్కన కూర్చుని తింటావు?

ఒంగోలు చరిత్ర చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడ పని మొదలుపెట్టిన కొత్తలో పైకులాల వాళ్లు కొందరు సంఘం వైపు మొగ్గారు. అదే సమయంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తన వాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు పైకులాల వాళ్లు. క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే భాగం కంటబడిందని ఆయనే రాసుకున్నారు. ఈ లోకం లెక్కచేయనివారినే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగమది. 1867 జనవరిలో తాళ్లకొండపాడు దగ్గర 28 మంది బాప్తిస్మం పొందారు.

పదేళ్లు తిరిగేసరికి మహాకరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని చూపారు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచిన నెలల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులవారీగా. ఊరి బావిని తాకనివ్వని మనుషులు పట్టపగలు, పదిమంది చూస్తుండగా నదిలో దిగారు. ఆ నీళ్లలో దింపిన చేతులూ తెలుగు చేతులే. బాప్తిస్మానికి మన దేశంలో ఇంతకన్నా గట్టి వ్యాఖ్యానం నాకు తెలియదు.

నేటికీ మన సముద్రతీరంలో తెల్లవారుజామున ఈ సంస్కారం చూడొచ్చు. తెల్లబట్టలు కట్టుకున్నవాళ్లు వరుసగా నిలబడతారు. నడుంలోతు నీళ్లలో కాపరి ఒకవైపు, సంఘపెద్ద మరోవైపు. అల వెనక్కి తగ్గేదాకా ఆగి, విశ్వాసాన్ని అడిగి, ఒప్పుకున్నాక వెల్లకిలా ముంచి లేపుతారు. ఒడ్డున తల్లులు తువ్వాళ్లతో ఎదురుచూస్తుంటారు. ఆ తర్వాత గుడిలో కుడిచేతి సహవాసం, తొలిసారి ప్రభు బల్ల. నీరు మనిషిని సంఘంలో చేరుస్తుంది. చేర్చుకున్న మాట నిజమో కాదో బల్ల తేలుస్తుంది.

బల్ల దగ్గర మన సంఘాల్లో కొరింథీయుల మొదటి పత్రిక పదకొండో అధ్యాయం చదువుతారు. అయోగ్యంగా తినకూడదన్న హెచ్చరిక వినగానే ఎవరి పాపాలు వాళ్లు తలచుకుంటాం. అది అవసరమే. కానీ ఆ పత్రిక రాసిన పౌలు కోపం దేని మీద? కలిగినవాళ్లు ముందే కడుపునిండా తిని, లేనివాళ్లను ఆకలితో నిలబెట్టి సిగ్గుపరిచినందుకు. అంటే బల్లకు అపవిత్రత మొదట పంక్తిభేదం వల్లనే వచ్చింది.

అందుకే మనల్ని మనం అడగాలి. పోర్టులో, స్టీలుప్లాంటులో పనికోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లతో ఈ నగర సంఘాలు నిండాయి. ఒకే పళ్లెంలోంచి రొట్టె తీసుకున్నవాళ్లం పెళ్లి మాట రాగానే కులం అడగడం లేదా? కులానికో గుడి, కులానికో సమాధుల దొడ్డి ఉన్న ఊళ్లు మన రాష్ట్రంలో లేవా? బాప్తిస్మం పొందిన దళితుడికి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా నిరాకరిస్తోంది. నీళ్లలోంచి లేచినవాడికి కులం పోయిందంటుంది చట్టం, పోలేదంటుంది ఊరు. ఈ రెండింటి మధ్య నలుగుతున్నవాడి పక్షాన సంఘం నిలబడకపోతే మన బల్ల మీది తెల్లగుడ్డకు అర్థం లేదు.

ఈ సభకు ఒక పని అప్పగిస్తున్నాను. పాత గుళ్ల బీరువాల్లో చెదలు పడుతున్న బాప్తిస్మ రిజిస్టర్లను వెలికితీసి నకళ్లు చేయించండి. పేరు, ఊరు, తేదీ మాత్రమే రాసి ఉన్నా సరే. ఎన్నో కుటుంబాలకు తమ ముత్తాత పేరు గౌరవంగా రాసి కనిపించే తొలి కాగితం అదే కావచ్చు. పెద్దలు బతికుండగానే వాళ్ల నోట ఆ కథలు రాసుకోండి. వేదాంత పండితులు ఆ కథలను గ్రంథాల పక్కన పెట్టి చదవాలి. మునకా, చిలకరింపా అన్న వాదం సాగనివ్వండి. పక్కవాణ్ణి పంక్తిలోంచి లేపేసినవాడికి మాత్రం ఆ వాదంలో మాట్లాడే హక్కు లేదని ఈ వేదిక మీంచి చెబుతున్నాను.