నిలిచిన బండిని నడిపించుట

మా తమ్ముడు గల్ఫునకు పోవుచు తన డీజిలు కారును కరీంనగరమున కొట్టములో నుంచి పోయెను. మూడేండ్లకు తిరిగివచ్చి, దానినే కిరాయికి నడిపి బ్రతుకవలె ననుకొనెను. వచ్చిన నాడే తాళము త్రిప్పబోగా మేము వారించితిమి.

ఆ బండికి టర్బో కలదు. ఇంజను విడుచు వేడి వాయువులు ఒక చక్రమును త్రిప్పగా, అదే ఇరుసునకున్న రెండవ చక్రము గాలిని ఒత్తి ఇంజనులోనికి పంపును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లో దీనికి పేటెంటు పొందెను. ఆ ఇరుసు నిమిషమునకు లక్షకు మించి చుట్లు తిరుగగలదు. సన్నని నూనెపొరయే దాని కాధారము. బండి యేండ్లు నిలిచినచో ఆ నూనె జారిపోవును.

కావున పాత డీజిలును, అడుగున చేరిన నీటిని తీయించి, ఇంజను నూనెను, ఫిల్టర్లను, బ్యాటరీని మార్పించితిమి. ఇంధనము నాపి, స్టార్టరుతో ఇంజనును కొద్దికొద్దిగా త్రిప్పించి, నూనె పైకెక్కిన పిదపనే స్టార్టు చేయించితిమి.

ఊరిలో బండి చక్కగా నడచెను. ఆదిలాబాదు పోవుచు, నిర్మలు దాటి మహబూబు ఘాటు నెక్కునపుడు మాత్రము నల్లని పొగ విడిచి నీరసించెను. టర్బో పోయినదని తమ్ముడు దిగులుపడెను. దానిని కొను శక్తి అతనికి లేదు. మెకానిక్కు వెదకి చూడగా, టర్బోనుండి గాలి తెచ్చు రబ్బరు గొట్టము పెళుసెక్కి పగిలియుండెను. అది మార్చగనే బండి ఘాటు నెక్కెను.

కనుక ముందు నూనె, పిదప నిప్పు. ముందు గొట్టము, పిదప టర్బో. ఎత్తెక్కిన బండిని ఆపునపుడును ఒక నిమిషము ఊరక తిరుగనిండు. ఆ ఓర్పే తమ్ముని జీవనమును నిలిపినది.