కాపలాదారుకు కొత్త జాబితా కావాలి

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



యాంటీవైరస్ ఇంటి కంప్యూటరుకు కాపలాదారు. అప్‌డేట్ ఆగిందంటే, అతని చేతిలో పాత దొంగల జాబితాయే ఉన్నట్టు.

మా ఇంట్లో అదే జరిగింది. ఎన్నిసార్లు నొక్కినా అప్‌డేట్ రాలేదు. చూద్దును గదా, కంప్యూటరు తారీఖు ఏళ్ళ వెనక్కి పోయింది! లోపలి రూపాయి బిళ్ళంత బ్యాటరీ, సి.ఆర్. 2032, అయిపోయింది. తారీఖు తప్పితే భద్రతా సర్టిఫికెట్లు చెల్లవు. బ్యాటరీ మార్చి, తారీఖు సరిచేస్తే అప్‌డేట్ వచ్చేసింది.

కనుక ముందు తారీఖు చూడండి. ఆ తర్వాత ఇంటర్నెట్, డిస్కులో ఖాళీ, చందా గడువు. రెండు యాంటీవైరస్‌లు పెట్టకండి, ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. ఫోను చేసి "బాగుచేస్తాం" అనే అపరిచితుల చేతికి కంప్యూటరు అప్పగించకండి. పిల్లల స్కాలర్‌షిప్ కాగితాలు, నిఖా ఫోటోలు అందులోనే ఉన్నాయి. వాటికి వేరే చోట ఇంకో ప్రతి ఉంచుకోండి.

ఖుదా హాఫిజ్.